గంగిరెద్దు హెడ్డు విప్పిన రోజులు

ఒకటో రోజు
మధ్యాహ్నం వేడి 52. తొట్టి కర్ర మీద గీతలు: 3.

ఎర్రతిప్ప గని వారి బండి దినచర్య పుస్తకం ఇది. రాస్తున్నవాడు తిప్పేస్వామి, ఇరవై నాలుగేళ్లు, మెకానికల్ ఇంజనీరింగ్ పట్టభద్రుడు, ద్వితీయ శ్రేణి. నాలుగేళ్ల చదువులో ఇంజన్‌ను తెర మీద అన్ని వైపులకూ తిప్పి చూశాను. అసలు ఇంజన్ మసి గోళ్లలోకి ఎక్కింది మాత్రం ఎండకు దాగి మేమంతా కాపురముంటున్న ఈ నాపరాళ్ల గనిలోకి దిగాకే. ప్రతి ప్రయాణానికి ముందు బండిని పరీక్షించి ‘నడవవచ్చు’ అని సంతకం పెట్టడం, తిరిగొచ్చాక ఈ పుస్తకం నింపడం నా కొలువు. గనిలోని కొలువులన్నిటిలోకీ ఇదే గౌరవమైనదని నేను అంటాను. తొట్టి కడిగేవాళ్లు ఒప్పుకోరు.

నేటి విశేషం: బండి ఆగిపోయింది.

గీత అంటే ఏమిటో ఇక్కడ పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. అయినా పద్ధతి ప్రకారం రాస్తాను. తొట్టిలో నీళ్లు కర్ర మీద ఒక గీత దిగాయంటే నూట నలభై మందిమి ఒక రోజు బతికామని అర్థం. నిండు ట్యాంకరు వస్తే తొమ్మిది గీతలు పెరుగుతాయి. ఆ ట్యాంకరే గంగిరెద్దు. మా తాత పెళ్లినాటి డీజిల్ లారీ. ఇప్పుడు డీజిల్ ఎక్కడిది, కానుగ నూనె తాగి నడుస్తుంది. పొమ్మంటే పోతుంది, ఆగమంటే ఆగుతుంది, దేనికైనా తలూపుతుంది. అందుకే ఆ పేరు.

పదిన్నరకు రావలసిన బండి పన్నెండైనా రాలేదు. పన్నెండుంపావుకు డ్రైవర్ దస్తగిరన్న తడి దుప్పటి నెత్తిన వేసుకొని, బురఖా వేసుకున్న పెళ్లికొడుకులా, నడిచి వచ్చాడు.

“ఏమన్నా, గంగిరెద్దు యాడ?”

“మొగలిమిట్ట మీద పండుకుండాది. మూడు కిలోమీటర్లు. లేపినా లేయలేదు.”

“అలిగిందా?”

“నవ్వులాటగా ఉండాదా నీకు? మొదుట తియ్యటి వాసన. ఆమీట కమురు. గేరు దించినా మిట్ట ఎక్కలేదు. ఇంజన్ మూత ఎత్తి చూస్తే రేడియేటర్ పైపు నోరు తెరుచుకోనుండాది. లోపల చుక్క నీళ్లు లేవు.”

“వెంటనే నీళ్లు పోసినావా?”

“నేనేమన్నా నిన్న పుట్టినోన్నా? కాలే పెనం మీద నీళ్లు పోస్తారా? గంట ఆగి పోసినా.”

“నీళ్లు లేకుండా ఎంత దూరం నడిపినావన్నా?”

దస్తగిరన్న దుప్పటి పిండుకుంటూ నా వైపు చూశాడు. “నాకేం తెల్సు సామీ? అది చెప్తే గదా తెల్సేది.”

పుస్తకంలో ‘కారణం’ అనే గడి ఉంటుంది. అందులో ‘వయసు’ అని రాశాను.

మూడో రోజు
వేడి 53. గీతలు: 9.

రెండు పొద్దులు తెల్లవారుజాము నుంచి ఏడింటి దాకా నూట పది మందిమి కుండలతో మిట్టకూ గనికీ మధ్య తిరిగాం. ట్యాంకరులో నీళ్లు ఉన్నాయి, బండి కదలదు, కాబట్టి నీళ్లకు మేమే బండి అయ్యాం. ఒలికింది పోగా తొట్టి తొమ్మిది గీతలకు వచ్చింది. తర్వాత ఖాళీ లారీకి తాళ్లు కట్టి అరవై మందిమి లాగాం. నేను ముందు నిలబడి వేగం చెప్పాను. అది కూడా కష్టమైన పనే.

గని పెద్ద సుంకులక్క కూడా తాడు పట్టింది. అరవై రెండేళ్ల మనిషి. గని నోటి దగ్గర ఆగి బండి మూతి మీద చెయ్యి వేసి, “ఇది చేతగాక ఆగినాది, వద్దనుకోని కాదు. ఆ తేడా ఉండాది,” అంది.

ఆ తేడా ఆమెకు బాగా తెలుసు. నాలుగు ఎండాకాలాల కిందట ఆమె భర్తకు వడదెబ్బ తగిలింది. బుద్ధిబండిని పిలిచారు, అప్పట్లో పిలిస్తే ఆ పూటే వచ్చేది. వచ్చింది. నగరాల్లో ఇప్పుడు తిరిగేవన్నీ అవే, మనిషి నడపడు, అదే ఆలోచించుకుంటుంది. వేడి నలభై ఏడు దాటితే అది కదలదు. ఆ రోజు అది వచ్చేసరికి నలభై తొమ్మిది. తలుపు కూడా తెరవలేదు. ‘మీ క్షేమం కొరకు ప్రయాణం వాయిదా వేయబడినది’ అని తియ్యటి గొంతుతో అయిదు గంటల్లో పదకొండుసార్లు చెప్పింది. పదకొండోసారి వినడానికి ఆయన లేడు.

ఆ తర్వాతే గని పాత ఇనుప కొట్టు నుంచి గంగిరెద్దును లేపుకొచ్చింది. ఎదురు చెప్పని బండి అని.

నాలుగో రోజు
వేడి 52. గీతలు: 8.

రోగిని పరీక్షించాను. నా పక్కన మాబున్ని ఉంది. దస్తగిరన్న కూతురు, నాకన్నా రెండేళ్లు పెద్ద, గనిలో కొలిమి ఆమెది. నా పట్టా గురించి ఆమె అభిప్రాయం ఇక్కడ రాయదగినది కాదు.

మొదటి పరీక్ష, ఆయిల్. కొలకర్ర తీస్తే ఆయిల్ నల్లగా రావాలి. పాలు కలిపిన టీ రంగులో వచ్చింది.

“టీ ఎట్లుంటాదో మర్చిపోయినాం, గంగిరెద్దు గుర్తు చేసినాది,” అన్నాను.

“నీళ్లు ఆయిల్‌లోకి దిగినాయి. అది చెప్పు, టీ సంగతి తర్వాత,” అంది మాబున్ని.

రెండో పరీక్ష. రేడియేటర్ నింపి, మూత తీసి పెట్టి, స్టార్ట్ చేశాం. దగ్గుతూ లేచింది. రేడియేటర్ నీళ్లలో బుడగలు, అన్నం ఉడికినట్టు. వెనక పొగగొట్టంలోంచి తెల్లటి ఆవిరి. అంటే మంట నీళ్ల దారిలోకి వస్తోంది, నీళ్లు మంటలోకి పోతున్నాయి. రెండూ ఎక్కడో కలుసుకుంటున్నాయి. వెంటనే ఆపేశాం.

మూడో పరీక్ష, సిలిండర్లలో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్. ఆరు సిలిండర్లు. ఒకటి, ఇరవై నాలుగు. రెండు, ఇరవై మూడు. అయిదు, ఆరు కూడా అలాగే. మధ్యలో మూడు, నాలుగు మాత్రం పది, పదకొండు. పక్కపక్క ఇళ్లు రెండూ కూలాయంటే పోయింది మధ్య గోడ. సిలిండర్ల మీద కప్పే హెడ్డుకూ కింది బ్లాకుకూ మధ్య ఉండే పొర, గ్యాస్కెట్, కాలిపోయింది. అంతటితో ఆగిందా, హెడ్డు కూడా వంగిందా, పగిలిందా అన్నది విప్పితే గానీ తెలియదు.

బోల్టులకు నూనె రాస్తూ దస్తగిరన్న అన్నాడు. “వేడి సూది ఉండింటే ఆ పైపు పగిలిన కాడ్నే ఆపేసేటోన్ని.”

ఊరికే అన్నాడు. నన్ను అనలేదు.

ఒకటో రోజు కారణం గడిలో ‘వయసు’ అని రాశాను. అది అబద్ధం. ప్రతి ఆయుధపూజకూ గంగిరెద్దుకు బొట్టు పెట్టి, గుమ్మడికాయ కొట్టి, దాని ఒంట్లోంచి ఒక హెచ్చరికను కోసేస్తాం. దానికి నాలుక కోత అని పేరు. సుంకులక్క మొదలుపెట్టింది. మొదటి ఏడు రివర్స్ కూత. రెండో ఏడు ఆయిల్ దీపం. మొన్నటి ఏడు వేడి సూది, దాని గంట. చదువుకున్నవాడివని కత్తెర నా చేతికి ఇచ్చారు.

ఆ తీగ ఏమిటో నాకు తెలుసు. ఎనిమిది మార్కుల ప్రశ్న అది. ‘ఇంజన్ ఉష్ణోగ్రత సూచిక ఆవశ్యకతను వివరింపుము.’ నేను వివరించాను, ఏడు మార్కులు వచ్చాయి. కానీ నూట నలభై మంది చూస్తున్నారు, డప్పు మోగుతోంది. కత్తెర పైకెత్తి, “ఓ గంగిరెద్దా, నీకు జ్వరమొస్తే మాకు చెప్పకు, మేమూ అడగం!” అని కోసేశాను. జనం కడుపు పట్టుకొని నవ్వారు. నా ప్రసంగాలన్నిటిలోకీ అదే మేలైనదని ఇప్పటికీ అంటారు.

కారణం గడి దిద్దాను. ‘వేడి సూది తీగ. కోసినవాడు తిప్పేస్వామి.’

అయిదో రోజు
వేడి 54. గీతలు: 7.

హెడ్డు దించాం. నలుగురు మోయవలసిన బరువు. గ్యాస్కెట్ మూడు, నాలుగు సిలిండర్ల మధ్య నల్లగా కాలి, ఎలుక కొరికిన అట్టలా ఉంది. ఇది ఊహించిందే.

హెడ్డును బోర్లించి నాపరాయి పలక మీద పెట్టాం. ఈ గనిలో నీళ్లకు కరువు గానీ చదునైన రాయికి కరువు లేదు. పలకకూ హెడ్డు అంచుకూ మధ్య సన్నటి రేకు దూర్చి చూస్తే మధ్యలో దూరిపోయింది. వేడికి వంగింది. ఇదీ ఊహించిందే. ఇసుక వేసి రాయి మీద రుద్దితే చదును అవుతుంది.

“పగులు చూస్తావా?” అంది మాబున్ని.

“చూడకపోతే ఏమవుతుంది?”

“నాయన ఎక్కుతాడు.”

హెడ్డును తిప్పి, కిరసనాయిలు పూసి, ఒక గడియ ఆగి, గుడ్డతో శుభ్రంగా తుడిచింది. మీద ముగ్గుపిండి చల్లింది. గనిలో ముగ్గు వేయడానికి వాకిళ్లు లేకపోయినా ప్రతి ఇంట్లో ఒక డబ్బా ఉంటుంది. ఇనుము మీద ఎక్కడైనా పగులు ఉంటే లోపల దాక్కున్న కిరసనాయిలు బయటికి ఊరి పిండిని తడుపుతుంది. ఇద్దరం వంగి చూస్తూ కూర్చున్నాం. ఒక నిమిషం తెల్లగానే ఉంది. తర్వాత మూడో సిలిండర్ రెండు వాల్వుల మధ్య ఒక చీకటి గీత, వెంట్రుకంత, తనంతట తానే పడింది. వేలు పొడుగు సాగి ఆగింది.

“అతికిస్తావా?”

“పోత ఇనుము. అతుకు పెడితే పక్కన ఇంకోటి పగుల్తాది.” చేతులు తుడుచుకుంది. “సభలో చెప్పు. నవ్వకుండా చెప్పు.”

సాయంత్రం సభ. నేను లేచి నిలబడి, “హెడ్డు పగిలింది,” అన్నాను.

“నీదా, బండిదా?” అన్నారు వెనక నుంచి. గని అంతా నవ్వింది. ఆ నవ్వును నేనే మూడేళ్లుగా మేపి పెంచాను. ఇప్పుడు అది నా మాట వినలేదు.

“నిజంగానే. గ్యాస్కెట్ కొత్తది చేసి, హెడ్డు రుద్ది బిగిస్తే స్టార్ట్ అవుతాది. ఖాళీగా నీళ్ల కోసం పెన్న దాకా పోతాది. నీళ్లతో మిట్ట ఎక్కేటప్పుడు పగులు తెరుచుకుంటాది. ఆమీట ఎంత దూరమో నేను చెప్పలేను. సుంకులక్కా, పిలుపు స్తంభం నొక్కుదాం. బుద్ధిబండ్లు రావడానికి నాలుగు రోజులు. ఏడు గీతలుండాయి.”

“వచ్చి?”

“మనల్ని నగరం శిబిరాలకు తీసకపోతాయి.”

“గని?”

మనుషులను ఎత్తుకుపోయాక నోటికి సీలు వేస్తారని అందరికీ తెలుసు.

“తెల్లార్తో నలభై ఏడు దాటకముందే ఎక్కమంటాది. యా బుద్ధి పుడితే ఆ బుద్ధికి ఆగుతాది,” అంది సుంకులక్క. గొంతు పెంచలేదు. “మా ఆయన్ను ఎక్కించుకోనిదాన్ని నన్ను ఎక్కించుకోమని అడగాల్నా? చెప్పురా తిప్పేసామీ, నీ మాటకు చివర ‘మీ క్షేమం కొరకు’ అని తగిలించలేదే?”

మళ్లీ నవ్వారు. ఈసారి కొంచెం తక్కువ.

దస్తగిరన్న గోడకు ఆనుకొని కూర్చున్నవాడు లేచాడు. “స్టార్ట్ అయితాదన్నాడు గదా. పోతాదన్నాడు గదా. నడిచేదాంకా నడుపుతా.”

చప్పట్లు కొట్టారు. మాబున్ని కొట్టలేదు.

ఎనిమిదో రోజు
వేడి 53. గీతలు: 4.

మూడు రోజులు రాయి మీద హెడ్డు రుద్దాం. వంతులవారీగా, గంటకు ఇద్దరు చొప్పున, పాటలు పాడుకుంటూ. ముసలమ్మలు కూడా వచ్చి ఒక్క చెయ్యి వేసి పోయారు. గ్యాస్కెట్‌కు రేకు కావాలంటే సుంకులక్క తన పెళ్లినాటి రాగి బిందె తెచ్చి ఇచ్చింది. మాబున్ని దాన్ని చీల్చి, పరిచి, సుత్తితో పలచన చేసి, బోల్టుల రంధ్రాలు కోసి, ఎర్రగా కాల్చి మెత్తపరిచింది. అంత అందమైన గ్యాస్కెట్ లోకంలో ఇంకొకటి ఉండదు. అది రాస్తున్నప్పుడు నేను హాస్యమాడడం లేదు.

సుత్తి దెబ్బల మధ్య ఆమె నాతో ఒకే మాట అంది. “సంతకం పెట్టొద్దు. నీ సంతకం లేకుంటే బండి గని దాటదు. అది పద్ధతి.”

“నువ్వెందుకు ఇంత బాగా చేస్తాండావు మరి?”

“పోయేటట్టుంటే ఇదన్నా గట్టిగా ఉండాల గదా.”

నేటితో పిలుపు గడువు సరిపోతుంది. ఈ రోజు నొక్కితే నాలుగు రోజులకు బండ్లు, నాలుగు రోజులకే నీళ్లు. సాయంత్రం సుంకులక్క దగ్గరికి వెళ్లి ఆ లెక్క చెప్పాను. ఆమె విన్నది. రాగి బిందె లేని మూల వైపు చూసింది. “రేపు స్టార్ట్ చేసి చూపియ్యి,” అంది.

తొమ్మిదో రోజు
వేడి 52. గీతలు: 3.

స్టార్ట్ అయింది. మొదటి తిప్పుకే. పొగ నల్లగా, ఆరోగ్యంగా వచ్చింది. గంటసేపు నిలబెట్టి నడిపాం. రేడియేటర్‌లో బుడగ లేదు. పిల్లలు చుట్టూ ఎగిరారు. దస్తగిరన్న నా వీపు మీద కొట్టి, “నీ పగులు యాడబోయినాదిరా, ఇంజనీరు దొరా?” అన్నాడు.

బరువు మీద పడేదాకా పగులు కనబడదని అతనికీ తెలుసు. మిగిలిన విషయాలు పక్కకు తీసుకుపోయి అడిగాడు. అప్పుడు నవ్వలేదు.

“నిజం చెప్పు. ఎంత దూరం?”

“మూడో వంతు నీళ్లే నింపితే, ఇంజన్ చల్లబడేదాకా ఆగి ఆగి వస్తే, రావొచ్చు. ఆగకుండా వస్తే రాదు.”

“ఆగాలని ఎట్ల తెలుస్తాది? సూది లేదే.”

“నేనొస్తా. సీట్ల నడుమ ఇంజన్ మూత మీద చెయ్యి పెట్టి కూర్చుంటా. పది లెక్కపెట్టేదాకా ఆనగలిగితే నడుపు. అయిదు లోపల లాక్కుంటే ఆపు.”

“నువ్వు ఆపమంటే ఆపుతా. మా నాయన మీద ఒట్టు.”

సూది లేనందుకు నేను సూదినయ్యాను. పుస్తకంలో రాశాను: ‘మూడో వంతు బరువు. చేతి పరీక్ష ప్రకారం ఆగవలెను. నడవవచ్చు.’ సంతకం పెట్టాను. మాబున్ని కొలిమి దగ్గర ఉంది. నా వైపు తిరగలేదు.

పదో రోజు
వేడి 54. గీతలు: పొద్దున 2, సాయంత్రం 4.

ఎడమ చేత్తో రాస్తున్నాను. అక్షరాలు క్షమించండి.

నాలుగున్నరకు బయలుదేరాం. పోవడం సుఖంగా పోయాం. పెన్న గుంతలో రాత్రంతా ఊరిన నీళ్లను నాలుగు ఊళ్లు వంతులేసుకొని తోడుకుంటాయి. మా వంతు ఏడు నుంచి తొమ్మిది. మూడు గీతల నీళ్లు నింపాం. సాయంత్రం చల్లబడ్డాక వద్దామా అని అడిగాను. “సాయంత్రం గాలి లేస్తే దారి ఇసక కిందికి పోతాది. ఈడ నీడంటే బండి కింద నీడే. ఇంజన్ చల్లబడతాది, మనం ఉడుకుతాం,” అన్నాడు దస్తగిరన్న. నిజమే.

మూత మీద కుడి చెయ్యి పెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చాను. పదహారో కిలోమీటరు దగ్గర అయిదు లోపే చెయ్యి కాలింది. ఆపమన్నాను. ఆపాడు. చల్లబరిచి, ట్యాంకరులోంచి తోడి రేడియేటర్ నింపాం. ఇరవై ఎనిమిది దగ్గర మళ్లీ. ఆపమన్నాను, ఆపాడు. అప్పటికి వెనక పొగ తెల్లబడింది. పగులు తెరుచుకుంది. ముప్పై ఏడు దగ్గర మళ్లీ. ప్రతిసారీ ఒట్టు గుర్తుంచుకున్నాడు, ఒక్క మాట అనలేదు. “ఇది మనకన్నా ఎక్కువ తాగుతాండాదే, పెండ్లింటి బావ మాదిరి,” అన్నాడు అంతే. మూడు గీతల నీళ్లలో ఒక గీత ఇంజనే తాగింది.

మొగలిమిట్ట ఎక్కి దిగాక గని నోరు కనబడుతుంది. కుండలు పట్టుకొని జనం నిలబడి ఉన్నారు. ఆఖరి ఎత్తులో, గనికి రెండు వందల గజాల దూరంలో, లోపల ఏదో పట్టేసింది. బండి ఒక్కసారి మూలిగింది. మూడో పిస్టన్ కాడ విరిగి ఇంజన్ గోడను చీల్చుకొని వచ్చింది. మూత నా చేతి కింది నుంచి ఎగిరిపోయింది. కాగే ఆయిల్, కాగే నీళ్లు అటు వైపు పడ్డాయి. దస్తగిరన్న పొట్ట మీద, తొడల మీద.

బండి వెనక్కి జారబోయింది. అతను బ్రేకు మీద కాలు తీయలేదు. జనం పరుగెత్తుకొచ్చి చక్రాల కింద రాళ్లు పెట్టారు. పెట్టామని చెప్పారు. మళ్లీ చెప్పారు. మూడోసారి చెప్పాక కాలు తీశాడు.

మూడుసార్లు ఆపమన్నాను, మూడుసార్లు ఆపాడు. నాలుగోసారి చెప్పే వ్యవధి లేకపోయింది.

సుంకులక్క నీళ్లు మోయించి, దస్తగిరన్నను లోపల పడుకోబెట్టించి, ఒక్కతే పిలుపు స్తంభం దగ్గరికి నడిచింది. వేలు నొక్కింది. ‘మీ అభ్యర్థన స్వీకరించబడినది, నాలుగు రోజులు’ అని అది చెబుతుంటే చివరిదాకా నిలబడి విన్నది. తొట్టిలో రెండు గీతలు, తెచ్చినవి రెండు. సరిగ్గా నాలుగు. నేను సభలో చెప్పిన రోజు నొక్కి ఉంటే బండి గని దాటనక్కరలేదు. ఈ లెక్క నేను ఎవరికీ చెప్పలేదు. అందరూ చేసుకున్నట్టే ఉన్నారు.

పదకొండో రోజు
గీతలు: 3. వేడి చూడలేదు.

తెల్లవారి దస్తగిరన్న స్పృహలోనే ఉన్నాడు. “ఎన్ని గీతలొచ్చినాయి?” అని అడిగాడు.

“రెండు.”

“రొంత ఒలికిచ్చినట్టుండారే, లంజకొడుకులు.” ఆ తర్వాత, “నీ చెయ్యెట్లుండాది?” అన్నాడు.

“బానే ఉండాదన్నా.”

నా కట్టు వైపు చూసి కళ్లు మూసుకున్నాడు. తొమ్మిదింటికి పోయాడు. ఎండ దిగాక, గని పైన, పగలగొట్టని రాయి పక్కన పూడ్చాం. నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. ఇదివరకు ప్రతి సందర్భానికీ నేనే మాట్లాడేవాణ్ణి. లేచాను, నోరు తెరిచాను, కూర్చున్నాను. ఎవరూ నవ్వలేదు.

పద్నాలుగో రోజు
తెల్లవారి వేడి 45. గీతలు: లేవు.

అయిదింటికి నాలుగు బుద్ధిబండ్లు వరుసగా వచ్చి నిలబడ్డాయి. తలుపులు తెరిచాయి. లోపల చల్లగా ఉంది. సుంకులక్క అందరినీ ఎక్కించి, పేర్లు పిలిచి, చివర ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. దారి చూసే గాజు వైపు గాక తన చేతుల వైపు చూస్తూ.

మాబున్ని నా ఎదుటి సీట్లో. బండి నా కట్టును పసిగట్టి, ‘గాయం కనబడుచున్నది’ అని గోడలోంచి మందుల అర తెరిచింది.

“చెయ్యి ఇయ్యి,” అంది మాబున్ని. ఆమె మందు తీసుకొని నా చెయ్యి ఒళ్లో పెట్టుకొని కట్టు విప్పింది. నాలుగు రోజుల్లో నాతో అన్న మొదటి మాట అది.

“నాయనకు చెప్పినావా? నాలుగోసారి?”

“టైం లేదు. ఒక్కసారిగా పట్టేసినాది.”

ఆమె అరచేతిని వెలుతురుకు తిప్పింది. పదేళ్లుగా కొలిమి దగ్గర ఉన్న మనిషి. ఎంత వేడికి, ఎంతసేపటికి, ఏది ఎట్లా కాలుతుందో ఆమెకు తెలుసు. ఇనుమును చూసినట్టే చూసింది. వేళ్ల మొదట్లో, మణికట్టు దగ్గర, మధ్యలో.

“మూడు లెక్కపెట్టి తీస్తే ఎర్రగా అయితాది. పదికి బొబ్బ లేస్తాది. ఇది తోలు కాదు, లోపల కండ ఉడికినాది. అచ్చు మాదిరి ఒకే తావ పడినాది, కదల్లేదు. రెండు మూడు నిమిషాలు అట్లే ఒత్తి పెట్టినావు.” చెయ్యి వదలలేదు. “చెప్పినోని చెయ్యి ఇంత కాలదు తిప్పేసామీ.”

అప్పుడు చెప్పాను. మిట్ట దిగగానే చెయ్యి కాలిందని. అయిదు లెక్కపెట్టక ముందే కాలిందని. గని నోరు కనబడిందని, రెండు కిలోమీటర్లే ఉందని, జనం కుండలు పట్టుకొని నిలబడ్డారని. నా పగులు లెక్క తప్పయితే బాగుండునని అనుకున్నానని. ఆపమంటే ఆపుతాడని తెలిసి, అందుకే నోరు మూసుకున్నానని. చెయ్యి తీస్తే అతనికి తెలిసిపోతుందని తీయలేదని.

ఆమె మందు రాసింది. కొత్త కట్టు చుట్టింది, ఎక్కడా బిగుసుకోకుండా. ముడి వేసి, పళ్లతో దారం తెంపి, నా చెయ్యి నా ఒళ్లోనే పెట్టింది.

“నాయనకు తెల్సా?”

“తెల్సు. నా మొగం చూసినాడు. ఆమీట దారి చూసినాడు.”